పావు చుట్టు

దిగువ వంతెనని ఏరు ఎత్తుకుపోయిన వరద ఉంది చూశారూ, ఆ వరద వచ్చిన మరుసటి ఏడు జరిగిందిది.

కాట్లిన్ లోయలో ఆ వరద ఒక్కొక్కరికి ఒక్కో నష్టం చేసింది. ఓరిన్‌కి చేసింది ఒకటే. అతని కొట్టానికి ఏటివైపు మూల పునాది రాళ్ళు లాక్కుపోయింది. కింద ఆవులు, పైన గడ్డి అటక, ముత్తాత నాటి దూలాలు. అంత పెద్ద కొట్టమూ, ఏట్లో ఏదో పడేసుకుని వెతుక్కుంటున్నట్టు అటువైపు ఒరిగిపోయింది.

"పడగొట్టెయ్‌రా," అన్నాడు రాయిస్ బాబాయి. ఆయనది పక్క పొలమే. "మంచు పడి కప్పు మీద కూర్చుందంటే అదే పడుతుంది. కింద ఆవులుంటాయి."

"నిలబెడతా."

"ఎలా నిలబెడతావ్?"

"నెమ్మదిగా."

ఆ రోజుకి ఓరిన్ మాట్లాడింది అంతే. అతనికది ఎక్కువే.

పునాది రాళ్ళు మళ్ళీ పేర్చాడు. అటకలో, ఒరిగిన నిట్రాట తల నుంచి ఎదురు నిట్రాట పాదం దాకా ఏటవాలుగా ఇనప తాడు కట్టాడు. తాడుని బిగించడానికి చేతిమర ఒకటి పెట్టాడు. రోజూ పొద్దున పాలు పితికాక పైకెక్కి మరని పావు చుట్టు తిప్పేవాడు. పావు చుట్టే. పాత కొయ్య ముసలివాళ్ళ లాంటిది. గబుక్కున లాగితే విరుగుతుంది. రోజూ కాస్త బతిమాలితే మాట వింటుంది.

పై దూలం నుంచి దారం కట్టి ఇనప గుండు వేలాడదీశాడు. కొట్టం నిటారుగా నిలబడ్డ రోజున ఆ గుండు ఎక్కడికి రావాలో అటక పలక మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. గుండుకీ గుర్తుకీ మధ్య మూరెడు దూరం ఉంది.

జూన్ నెల, శనివారం, వాన. ఓరిన్ మోకాళ్ళ మీద కూర్చుని గుండు వంక చూస్తున్నాడు. ఎక్కడో ఉరిమింది.

ఉరిమిన ఉరుము ఆగాలి కదా. ఆగలేదు. దగ్గరికొచ్చింది.

ఆ కొట్టానికి ఒక తమాషా ఉంది. గడ్డి బండ్లు నేరుగా అటక మీదికి ఎక్కడానికి రోడ్డు పక్క నుంచి వాలుబాట కట్టారు పూర్వం. గడ్డి తడవకుండా దానికి గోడలూ కప్పూ వేసి ఎర్ర రంగు పూశారు. ఆ ప్రాంతంలో పాత వంతెనలకీ అలాగే గోడలూ కప్పూ ఉంటాయి. రోడ్డు మీంచి చూస్తే అచ్చం కప్పు వంతెనే. లోయలో వాళ్ళకి తెలుసు కాబట్టి ఎవరూ పొరపడరు. బయటివాళ్ళు, అందులోనూ వానలో తలొంచుకుని బండి నడిపేవాళ్ళు...

ద్వారంలోంచి పెద్ద లైటు దూసుకొచ్చింది. నీలం రంగు మోటార్ సైకిల్ అటకలోకి వచ్చి, గడ్డి మోపుకి ముద్దుపెట్టబోయినట్టు ఆగింది. బండి పక్కన తగిలించిన సీటు తొట్టిలో గొడుగు వేసుకుని ఒక ముసలావిడ. వెనకే ఇంకో బండి. దాని వెనక ఇంకోటి. ఇంకోటి. అటక పలకలు గడగడలాడాయి. ఇనప తాడు జుయ్యిమంది.

"ఇంజన్లు ఆపండి!" అని అరిచాడు ఓరిన్. అతను అరవడం అతని ఆవులు కూడా ఎన్నడూ విని ఎరగవు.

ఇంజన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. నీలం బండి మీది మనిషి హెల్మెట్ తీసింది. అమ్మాయి. తడిసిన జుట్టు చెంపకి అంటుకుంది. ఎదురుగా ఉన్న గడ్డినీ, అతన్నీ, మళ్ళీ గడ్డినీ చూసింది.

"ఏమండీ, వంతెన మధ్యలో గడ్డి పెట్టారేంటండీ?"

"ఇది వంతెన కాదు."

"మరి?"

"కొట్టం."

కింద నుంచి ఒక ఆవు 'అంబా' అని సాక్ష్యం చెప్పింది.

"నే చెప్పలా జోసెట్," అంది తొట్టిలో ముసలావిడ. "వంతెనలో పేడ వాసన రాదని?"

"నువ్వేం చెప్పావు అమ్మమ్మా! 'భలే ఉందే, పోనీ పోనీ' అన్నావు." అమ్మాయి కోటులోంచి మ్యాప్ తీసింది. "దిగువ వంతెన ఇక్కడే ఉండాలి, చూడండి."

"ఉండేది. నిరుడు ఏరు తీసుకుపోయింది."

"ఎక్కడికి?"

"కిందికి."

ఆమె అతని మొహంలోకి చూసింది, వేళాకోళమేమోనని. కాదు. దాంతో నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వుకి ఓరిన్ చూపు తిప్పుకుని గుండు వంక చూశాడు. గుండు ఊగుతోంది.

ఆ అమ్మాయి పేరు జోసెట్ గాన్యన్, ఫ్రెంచి వాళ్ళ పిల్ల. చలికాలంలో బడి బస్సు నడుపుతుంది. ఎండాకాలం శనివారాల్లో ఈ బృందాన్ని వెంటేసుకుని పొద్దున బయల్దేరి, ఒక పాత కొట్టం, ఒక కప్పు వంతెన చూసి, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. వంద ఏళ్ళు నిండని దాన్ని చూడకూడదని వాళ్ళ నియమం. బృందంలో ఆమె తప్ప అందరూ పింఛను పుచ్చుకునేవాళ్ళే. తొట్టిలో ఉన్నది ఆమె అమ్మమ్మ, ఇర్మా మామ్మ.

లోపలికొచ్చినంత తేలిగ్గా బయటికి పోలేదు. బండ్లన్నిటినీ చేత్తో వెనక్కి నడిపించాలి. చివర్న నీలం బండి మిగిలింది. తొట్టి ఉన్న బండి వెనక్కి రాదు, తొయ్యాలి.

"మామ్మగారూ, మీరు కాస్త దిగితే..." అన్నాడు ఓరిన్.

"నా మోకాళ్ళు పొద్దున ఒకసారి ఎక్కితే సాయంత్రం దాకా దిగవు అబ్బాయ్. తొయ్యి. కుర్రాడివేగా."

తోశాడు. జోసెట్ ఇటు హ్యాండిల్ పట్టుకుంది, అతను అటు. మధ్యలో ఆమెకి ఆ తాడూ గుండూ కంటపడ్డాయి. ఏమిటని అడిగింది. ఓరిన్ చెప్పాడు. చెప్పడం పూర్తయ్యాక, ఇన్ని మాటలు తనే మాట్లాడాడా అని అతనికే ఆశ్చర్యమేసింది.

"రోజుకి పావు చుట్టేనా? నాకిస్తే ఒక్క మధ్యాహ్నంలో నిలబెట్టేస్తాను."

"నిలబడదు. విరుగుతుంది."

"మరి ఎప్పటికవుతుంది?"

"మంచు పడేలోగా. అవ్వకపోతే పడిపోతుంది."

జోసెట్ ఆ ఒరిగిన నిట్రాటని చేత్తో తట్టింది. ఆమె మొహంలో నవ్వు పోయి ఇంకేదో వచ్చింది. పంతం.

"వచ్చే శనివారం వస్తాను. ఎంత జరిగిందో చూస్తాను."

"ఎందుకు?"

"వంతెన లేదుగా. అంత దూరం వచ్చాక ఏదో ఒకటి చూడాలి కదండీ."

అన్నట్టే వచ్చింది. ఆపై శనివారమూ వచ్చింది. బండ్లు రోడ్డు మీదే ఆపి, వాలుబాటలోంచి నడిచొచ్చేవాళ్ళు. ఇర్మా మామ్మ మాత్రం తొట్టిలోనే ఉండి, మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి పంపేది. "ఆ గడకర్రకి పెట్టు. గాలేస్తే కొట్టం కంటే ముందు వాడు పడేట్టున్నాడు."

రెండో శనివారం జోసెట్ మర పిడి పట్టుకుని "నేను తిప్పనా?" అంది. అప్పట్నుంచీ శనివారం పావు చుట్టు ఆమెది. ఓరిన్ పొద్దున్నే తిప్పకుండా ఆమె కోసం ఉంచేవాడు.

"పావే," అనేవాడు పక్కన నిలబడి.

"తెలుసండీ. మీ కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయని కూడా తెలుసు."

అతని చెవులు ఎర్రబడేవి. కళ్ళు చేతుల మీద లేవు మరి.

జులైలో ఎండలు కాసి గడ్డి అటకకెక్కింది. ఆగస్టులో గుండు జానెడు దూరంలోకొచ్చింది. ఒక శుక్రవారం ఓరిన్ చీపురుతో అటక ఊడుస్తుంటే రాయిస్ బాబాయి చూసి ఆగిపోయాడు.

"ఎంత చెప్పినా ఇల్లే ఊడవని వాడివి, గడ్డి అటక ఊడుస్తున్నావేంట్రా?"

"దుమ్ము."

"ఇంతకాలం ఏముందనుకున్నావ్, పన్నీరా?" అని ఓరిన్ చొక్కా వంక చూశాడు. "ఇస్త్రీ కూడానా! శనివారాలు వారానికి రెండొస్తే బావుండనిపిస్తోందా ఏంటి?"

ఓరిన్ ఇంకాస్త దుమ్ము లేపాడు, బాబాయి దగ్గుకుంటూ దిగిపోయాడు.

జోసెట్ అప్పుడప్పుడూ పిలిచేది. "మాతో రండి ఒకసారి. ఎగువ వంతెన చూపిస్తాను."

"పాలు పితకాలి."

"పితికేశారు కదా."

"సాయంత్రం మళ్ళీ పితకాలి."

"మీ ఆవులకి మీరంటే ఇష్టమో లేదో గానీ, మీరు బయటికి రాకపోవడానికి మాత్రం బాగా పనికొస్తున్నాయి."

సెప్టెంబర్ చివర, మేపుల్ చెట్లు ఎర్రబడే వేళకి, గుండు గుర్తుకి నాలుగు వేళ్ళ దూరంలో ఆగింది. జోసెట్ పలక మీద వంగి వేళ్ళు ఆనించి కొలిచింది.

"నాలుగే! ఇంకో నెల లోపు అయిపోతుంది. అమ్మయ్య. తర్వాత మేం ఉత్తరం వైపు వెళ్ళాలి. అటు కొట్టాలు ఒక్కటీ చూడలేదింకా. ఇక ఈ దారి వదిలెయ్యొచ్చు."

మామూలుగా అంది. నవ్వుతూనే అంది. ఓరిన్ "ఊఁ" అన్నాడు.

మర్నాడు ఆదివారం పొద్దున అటకెక్కాడు. మరని పావు చుట్టు తిప్పాడు. గుండు వెంట్రుకవాసి జరిగింది. చాలాసేపు దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అతని చెయ్యి మర వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే నాలుకని పైకెత్తి, తిప్పిన పావునీ వదిలేసింది. అంతటితో ఊరుకోకుండా, నిన్న జోసెట్ తిప్పిన పావునీ వదిలేసింది.

ఓరిన్ తన చెయ్యి వంక చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు.

సోమవారం బుద్ధిగా తిప్పాడు. మంగళవారం విప్పాడు. అలా మూడు వారాలు గడిచాయి. గుండు నాలుగు వేళ్ళ దూరంలోనే ఉండిపోయింది.

"ఎందుకు కదలట్లేదు?" జోసెట్ నుదురు చిట్లించింది.

"మొండిది."

"కొట్టమా, మీరా?"

ఆకులు రాలిపోతున్నాయి. రాయిస్ బాబాయి ఒకరోజు అందరి ముందూ మొహం మీదే చెప్పేశాడు. "గాల్లో మంచు వాసనొస్తోంది. మొదటి మంచు పడే రోజుకి ఇది నిలబడకపోతే, ఆవుల్ని బయటికి తోలి నా ట్రాక్టర్‌తో నేనే లాగి పడేస్తా. వాటి మీద ఇది కూలడం నేను చూడలేను, ఓరిన్. నువ్వేమనుకున్నా సరే."

ఆ మాటకి ఓరిన్ తలొంచుకున్నాడు. జోసెట్ తలెత్తింది.

తర్వాతి శనివారం ఆమె వచ్చేసరికి ఓరిన్ అక్కడ లేడు. పెయ్యలు కంచె దాటిపోతే వెతకడానికి పోయాడు. ఆమె ఒక్కతే అటకెక్కింది. గుండు చూసింది. నాలుగు వేళ్ళు. మర పిడి పట్టుకుని పావు తిప్పింది. ఆగలేదు. అర. ముప్పావు. నిండు చుట్టు.

తుపాకీ పేలినట్టు ఫటేలుమంది.

ఓరిన్ పొలం అవతల నుంచి పరిగెత్తుకొచ్చాడు. నిట్రాటకీ దూలానికీ మధ్య ఉన్న దన్ను కర్ర నిలువునా చీలిపోయింది. దాని కింద జోసెట్ తెల్లబోయి నిలబడి ఉంది.

"నేనే... ఒక చుట్టు..."

"పావని చెప్పాను."

"మూడు వారాలుగా అంగుళం కదల్లేదు! మంచు పడుతుందని మీ బాబాయిగారు..."

"ఇది మీ బండి కాదు, గట్టిగా తిప్పితే ఉరకడానికి." గొంతు అతనిదిలా లేదు. "ఇక రావొద్దు."

జోసెట్ చరచరా వాలుబాట దిగి వెళ్ళిపోయింది.

"ఏం పేలిందే? ఆ అబ్బాయికేమైనా..." అని ఇర్మా మామ్మ అడగడం వినిపించింది.

"ఏం లేదు. పద అమ్మమ్మా." తర్వాత ఇంజన్ చప్పుడు. అది కొండ మలుపు దాటేదాకా ఓరిన్ కదల్లేదు.

రాయిస్ బాబాయి వచ్చి చీలిన కర్ర చూశాడు. "ఇంతేనా? దన్ను కర్రేగా. ఓక్ కర్ర తెచ్చి మార్చుకోవచ్చు. నిట్రాట బాగానే ఉంది." వంగి గుండు చూశాడు. "ఇదేంటి, వేలెడు జరిగిందే! మూడు వారాలు కదలనిది ఒక్క చుట్టుకి కదిలిందా?"

ఇనప తాడు మీద ఒకచోట అదే పనిగా బిగించి, విప్పి, బిగించి, విప్పి అరిగిన మెరుపు కనిపించింది ఆయనకి. వేలితో రుద్ది చూశాడు.

"ఒరేయ్. దీన్ని వెనక్కి తిప్పుతున్నావా?"

ఓరిన్ తాడు మీంచి చూపు తిప్పుకున్నాడు.

"నిలబెడతానని మంకుపట్టు పట్టిందీ నువ్వే, విప్పుతున్నదీ నువ్వేనా? ఎందుకురా?"

ఓరిన్ రోడ్డు మలుపు వంక చూశాడు. ఎందుకో రాయిస్ బాబాయికి అర్థమైపోయింది. గడ్డి మోపు మీద కూలబడ్డాడు.

"ఆ పిల్లకి తెలుసా?"

"లేదు."

"తప్పు నీది, తిట్లు దానికా! బావుందిరా. ఆ నోరు దేనికి దాచుకుంటున్నావ్? ఆవుల్ని అదిలించడానికా?"

ఆ వారం ఓరిన్‌కి అన్నం సయించలేదు. చీలిన కర్ర ఊడదీశాడు. మర జోలికి మాత్రం పోలేదు. మనుషుల్లో తిరిగేవాడైతే ఒక ఫోను చేసి ఊరుకునేవాడు. అతను ఫోనులో 'హలో' తర్వాత ఏమనాలో తెలియని మనిషి. ఎదురుగా నిలబడి చెప్పాలి. చెప్పి తీరాలి. ఆ శనివారం ఈ ఏటికి ఆఖరి షికారని, ఎగువ వంతెనకి వెళ్తున్నారని జోసెట్ ఇంతకు ముందే చెప్పి ఉంది.

శనివారం పొద్దున చూస్తే పికప్పు బండి లేదు. ఓక్ కర్ర కోయించడానికి రాయిస్ బాబాయి రంపం మిల్లుకి తీసుకుపోయాడు. ఉన్నది ట్రాక్టరు.

ఎక్కాడు.

కొండ దారి. సన్నగా మొదలైన వాన పోనుపోను పెరిగింది. వెనకొచ్చిన కార్లన్నీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయాయి. ఓరిన్ తడిసి ముద్దయ్యాడు. పెదాలు మాత్రం కదుపుతూనే ఉన్నాడు, చెప్పాల్సింది మళ్ళీ మళ్ళీ కూడబలుక్కుంటూ.

ఎగువ వంతెన కూడా కప్పు వంతెనే, అందులో ఒక బండికే చోటు. అక్కడి వాళ్ళు పాలు తాగే వయసు నుంచీ ఎరిగిన పద్ధతొకటుంది. ద్వారం దగ్గర ఆగాలి, అవతల లైటు ఉందేమో చూడాలి, ముందు అడుగుపెట్టిన వాళ్ళకి దారివ్వాలి. ఓరిన్ ఆగలేదు. చూడలేదు. కూడబలుక్కుంటూ సరాసరి దూరిపోయాడు.

సగం దూరంలో ఎదురుగా లైట్లు. ముందు నీలం బండి, దాని వెనక వరసగా మిగతావి. ట్రాక్టరు ఆగింది. బండ్లు ఆగాయి. రేకు కప్పు మీద వాన దబదబా మోతెక్కిస్తోంది.

జోసెట్ హెల్మెట్ తీసింది. ఎవరో చూసింది. ఒక్క క్షణం మొహం వెలిగి, వెంటనే బిగుసుకుంది.

"వెనక్కి తియ్యండి. ముందు వచ్చింది మేం."

"తియ్యను."

"ఏంటీ?"

"ముందు చెప్పాలి. చెప్పి తీస్తా."

"చెప్పనీవే," అంది తొట్టిలోంచి ఇర్మా మామ్మ. "అబ్బాయ్, వాన హోరు. గట్టిగా చెప్పు."

గొంతెత్తి మాట్లాడటం ఓరిన్‌కి ప్రాణసంకటం. ట్రాక్టరు దిగాడు. టోపీ తీశాడు. వంతెన అంతా వినపడేలా అరిచాడు.

"కొట్టం కదలకపోవడం మీ తప్పు కాదు! నేనే విప్పాను!"

"ఏం విప్పారు?"

"మర! మీరు శనివారం తిప్పింది ఆదివారం విప్పేశాను! మూడు వారాలు!"

వెనక బండి మీద ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమంటున్నాడు?"

"ఆదివారం విప్పేశాడట."

"ఏం విప్పాడు?"

"ఉండవయ్యా, విననీ!"

జోసెట్ బండి దిగింది. నడిచొచ్చి అతని ఎదురుగా నిలబడింది. "ఎందుకు?"

దారిపొడవునా వల్లించిన మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. ఉన్న మాటే వచ్చింది.

"నిలబడిపోతే మీరు రారు కదా."

కప్పు మీద వాన ఇంకాస్త హోరెత్తింది.

"పిచ్చా మీకు?" అంది జోసెట్. "మంచు పడుంటే? కింద ఆవులు! మీ ముత్తాత కట్టిన కొట్టం! నా కోసం అదంతా..."

"అదేం ఆలోచించలేదు. అదే తప్పు."

"వారమంతా ఏడ్చాను, తెలుసా? బస్సులో పిల్లలు అడిగారు, కళ్ళేంటి అలా ఉన్నాయని. వంద ఏళ్ళు దాటిన కొట్టాన్ని నా చేతుల్తో నేనే విరగ్గొట్టానని..." కళ్ళు తుడుచుకుంది. "దానికి మీరు చెప్పేది ఇదేనా? క్షమాపణ కూడా పావు చుట్టేనా?"

ఓరిన్ టోపీ నలిపాడు. ఈసారి అరవలేదు. అయినా వంతెనలో అందరికీ వినపడింది.

"క్షమించు జోసెట్. తిట్టకూడని మనిషిని తిట్టాను. నువ్వంటే నాకిష్టం. కొట్టం నిలబడినా పడినా నువ్వు రావాలి. రాకపోతే నేనొస్తాను. ఇలాగే, ట్రాక్టరు మీదైనా."

వెనకున్నవాళ్ళు ఒక్కసారిగా హారన్లు మోగించారు. వంతెన దద్దరిల్లింది.

"ఆపండి! పాత వంతెన!" అని వెనక్కి తిరిగి అరిచింది జోసెట్. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆమె పెదాల చివర ఏదో తొంగిచూసింది. దాన్ని బలవంతాన మింగింది.

"మొదట ట్రాక్టరు వెనక్కి తియ్యి. నేరుగా మీ కొట్టానికి పోతున్నాం. అది నిలబడేదాకా నాతో ఇంకో మాట మాట్లాడకు."

మాట్లాడకపోవడం అతనికి కష్టమేం కాదు. పని విషయంలో మాత్రం జోసెట్ పట్టిన పట్టు విడవలేదు. ఆ సాయంత్రమే మర నాలుకకి ఒక తాళం కప్ప తగిలించి, దాని తాళంచెవి మెడలో వేసుకుంది.

"నీ చేతుల మీద నాకు నమ్మకం లేదు."

అప్పట్నుంచీ ప్రతిరోజూ వచ్చింది. పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపి, మళ్ళీ మధ్యాహ్నం బస్సు వేళయ్యేలోగా చలిలో బండేసుకుని వచ్చేది. తాళం తీసి, పావు చుట్టు తిప్పి, తాళం వేసి పోయేది. చెయ్యి ఇంకాస్త తిప్పమని అడిగేది కాబోలు, పిడి వదిలి గుప్పిట మూసుకునేది. ఓరిన్ కొత్త ఓక్ దన్నుల చివర్లకి, బెజ్జాల్లో దిగే కుసులు చెక్కేవాడు. శనివారాలు బృందమంతా వచ్చి కత్తితో చెక్క మేకులు చివ్వేది. ఒకాయన వేలు చివ్వుకుని "ఇదీ పాతదే, వందకి దగ్గర్లో ఉంది" అన్నాడు.

మూడు వేళ్ళు. రెండు. ఒకటి. రాయిస్ బాబాయి రోజూ ఆకాశం వంక చూసేవాడు, ఆ తర్వాత గుండు వంక. ట్రాక్టరు మాట ఎత్తడం మానేశాడు.

నవంబర్‌లో ఒక శనివారం. ఆకాశం సీసంలా బరువుగా దిగి ఉంది. జోసెట్ పావు చుట్టు తిప్పింది. గుండు ఊగి, తేరుకుని, పెన్సిల్ గుర్తు మీద ఆగింది.

ఎవరూ అరవలేదు. ఓరిన్ సుత్తి అందుకున్నాడు. రాయిస్ బాబాయి దన్ను పట్టుకున్నాడు. ఒక్కో బెజ్జంలో ఒక్కో చెక్క మేకు దిగింది. ఆఖరి మేకు దిగాక జోసెట్ తాళం తీసింది.

"ఇప్పుడు విప్పు," అంది. "ఈసారి నేనే చెబుతున్నాను."

ఓరిన్ తాడు వదులు చేశాడు. దూలాలు కిర్రుమన్నాయి. కప్పు నుంచి దుమ్ము రాలింది. ఎక్కడో ఒక వాసం మూలిగింది. తాడు పూర్తిగా వదులై నేలమీద పడింది.

గుండు కదల్లేదు.

"నిలబడిందిరా," అన్నాడు రాయిస్ బాబాయి. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకోవడం మొదలెట్టాడు, ఎంతకీ ఆపలేదు.

అందరూ కిందికి దిగాక ఓరిన్, జోసెట్ మిగిలారు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అన్నాడు ఓరిన్.

"ఏం మాట్లాడతావ్? కొట్టం నిలబడింది. నాకిక్కడ ఇంక పనేం లేదు." అతని మొహం చూసి ఒక్క క్షణం ఆగింది. "పని లేకుండా రావాలంటే మరి, ఇష్టం ఉండాలి."

"ఉందా?"

"ఇన్నాళ్ళూ గుండు చూడ్డానికొచ్చాననుకున్నావా, మొద్దు అబ్బాయీ?" అని అతని చొక్కా గుండీ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఈ పని ఆమె నెమ్మదిగా చెయ్యలేదు. ఏదీ విరగలేదు కూడా.

"అయ్యిందా?" కింద రోడ్డు మీంచి ఇర్మా మామ్మ కేక. "చలికి గడ్డకట్టుకుపోతున్నా ఇక్కడ!"

దిగి వెళ్ళారు. ఒకదాన్నొకటి పట్టుకున్న వాళ్ళ చేతుల్ని మామ్మ చూసింది.

"సరే. నా మాట కూడా విను అబ్బాయ్. మా పిల్ల పక్కన కూర్చోవాలంటే ముందు నా పక్కన కూర్చోవాలి. రేపు ఆదివారం. పది గంటల పూజకి మా కేథలిక్కుల గుడికి రా."

రాయిస్ బాబాయి నీళ్ళు నమిలాడు. "మామ్మగారూ, మాది కొండ మీది ప్రొటెస్టెంట్ల చర్చి. మావాళ్ళెవరూ మీ ఫ్రెంచి వాళ్ళ గుడి గడప తొక్కలేదు ఇంతవరకూ."

"మావాళ్ళెవరూ మీ అటకలోకి బండి తోలలేదు ఇంతవరకూ," అంది ఇర్మా మామ్మ. "తోలలా?"

ఆ రాత్రి మంచు కురిసింది.

పొద్దున ఓరిన్ మామూలు కంటే ముందే లేచి పాలు పితికాడు. గడ్డం గీసుకున్నాడు. తండ్రి నల్ల కోటు వేసుకున్నాడు, చేతులు కాస్త పొట్టి. పికప్పు చక్రాలకి గొలుసులు చుట్టి, మంచులో మెల్లగా పోనిచ్చాడు. గుడి మెట్ల దగ్గర ఒకసారి ఆగాడు. బూట్లు దులుపుకుని లోపలికి నడిచాడు. జనమంతా తలలు తిప్పి చూస్తుండగా వెళ్ళి ఇర్మా మామ్మ పక్కన కూర్చున్నాడు. మామ్మకి అటుపక్క జోసెట్.

పూజ మొదలైంది. అందరూ మోకరిల్లినప్పుడు ఓరిన్ లేచి నిలబడ్డాడు. అందరూ లేచేసరికి మోకరిల్లాడు. కూర్చుందామనుకునేలోగా మళ్ళీ లేచారు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అతని చెవులు ఎర్రగా కాలాయి. తలుపు వంక మాత్రం చూడలేదు.

"ఇటు గాలి కొడుతోందే," అని గొణిగింది ఇర్మా మామ్మ. గాలీ లేదు, గీలీ లేదు. మనవరాలిని ఇటు తోసి తను అటు జరిగింది.

జోసెట్ ముందుకే చూస్తూ, అతని పొట్టి కోటు చెయ్యి పట్టుకుంది. లేవాల్సినప్పుడు పైకి లాగింది, కూర్చోవాల్సినప్పుడు కిందికి లాగింది. పూజ సగమయ్యేసరికి ఎప్పుడు లేవాలో అతనికి తెలిసిపోయింది. అయినా ఆమె చెయ్యి తియ్యలేదు. తెలిసిపోయిందని అతనూ చెప్పలేదు.